లంగరు ఎత్తాక

ఢిల్లీ బేర్ సరాయ్ పుస్తకాల బజారులో ఏ సాయంత్రం నడిచినా తెలుగు మాట చెవిన పడుతుంది. ఒకపక్క జేఎన్‌యూ, మరోపక్క ఐఐటీ. మధ్యలో సివిల్స్‌కీ, ఇంజినీరింగ్ సర్వీసులకీ చదివే పిల్లలు, వాళ్ల కోసం పాత పుస్తకాలూ జిరాక్సు నోట్సూ అమ్మే దుకాణాలు. సముద్రగర్భ కేబుళ్ల మీద ప్రశ్న రావచ్చని ఈ పిల్లలు రెండు మూడేళ్లుగా గట్టిగానే చదువుతున్నారు. ఏ దేశం ఏ దేశం మీద కుట్ర చేసింది, కీలక వసతులను ఎలా కాపాడుకోవాలి అన్న కోణంలోనే ఆ చదువంతా సాగుతుంది. కేబుల్‌ను తెంపింది ఏమిటి అన్న చోట మాత్రం ‘ఓడ లంగరు’ అన్న రెండు మాటలతో సరిపెడతారు. ప్రయాణంలో ఉన్న ఓడ లంగరు నేలకెందుకు దిగింది? అది దిగకుండా కట్టి ఉంచడం ఎవరి పని, ఎలా చేస్తారు, ఎక్కడ తప్పుతుంది? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. విశాఖ నుంచి యానాం దాకా మన తీరానికి ఇది రానురానూ దగ్గరవుతోంది.

2025 జనవరి 26న బాల్టిక్ సముద్రంలో లాత్వియాకూ స్వీడన్‌కూ మధ్య ఉన్న ఫైబర్ కేబుల్ దెబ్బతింది. మాల్టా జెండాతో తిరిగే వెజెన్ అనే సరుకుల ఓడను స్వీడన్ అధికారులు పట్టుకున్నారు. కుట్రే అని ప్రపంచమంతా అనుకుంది. కొద్ది రోజులకే ప్రాసిక్యూటర్ ఓడను వదిలేశారు. కుట్ర లేదనీ, చెడ్డ వాతావరణం, పరికరాల లోపం, పనితనం లోపం మూడూ కలిసి ఇలా జరిగిందనీ తేల్చారు. అంతకుముందు 2023 అక్టోబర్‌లో ఫిన్లాండ్, ఎస్టోనియాల మధ్య గ్యాస్ పైపులైను పగిలింది. దాని దగ్గర సముద్రం అడుగున దొరికిన లంగరు న్యూన్యూ పోలార్ బేర్ అనే ఓడది. తుపానులో ప్రమాదవశాత్తూ జరిగిందని చైనా తర్వాత చెప్పింది. 2024 క్రిస్మస్ రోజున ఈగిల్ ఎస్ అనే ట్యాంకరు పదుల కిలోమీటర్ల పొడవునా లంగరు ఈడ్చుకుంటూ పోయి ఒక విద్యుత్ కేబులునూ, మరికొన్ని టెలికాం కేబుళ్లనూ తెంపింది. ఈ కేసు తమ పరిధిలోకి రాదని హెల్సింకీ కోర్టు 2025 అక్టోబర్‌లో కొట్టేసింది. చివరి రెండింటి వెనక ఉద్దేశం ఉందా లేదా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంటుంది. వెజెన్ విషయంలో ఆ వాదనకు చోటు లేదు. లంగరును సరిగ్గా బిగించి ఉంచలేకపోయారు, అంతే. అందుకే ఈ మూడింట్లో నాకు ముఖ్యమైనది వెజెన్.

మన దగ్గర లంగరు పేరు పత్రికల్లోకి వచ్చేది ఓడ నిలిచి ఉన్నప్పుడే. 2020 అక్టోబర్‌లో వాయుగుండం వచ్చినప్పుడు విశాఖ అవుటర్ యాంకరేజీలో ఉన్న ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ ఓడ లంగరు ఆపలేక కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి ఎక్కింది. ఊరంతా వెళ్లి ఫోటోలు దిగింది. ఆ ఓడ కష్టం కళ్లెదుట కనిపించింది. కదిలే ఓడ లంగరు జారితే చాలాసార్లు ఓడలో ఉన్నవాళ్లకే తెలియదు. వేగం కొద్దిగా తగ్గుతుంది, ఇంజను కాస్త బరువుగా లాగుతుంది. ఎదురుగాలి అనుకుంటారు.

పెద్ద ఓడల్లో ఈ పని ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చూడాలి. పది టన్నులు దాటే లంగరు, దాని వెనక మనిషి ఎత్తలేని బరువున్న లింకుల చైను. చైను పొడవును కొలిచే షాకిల్ అంటే 27.5 మీటర్లు, పెద్ద ఓడకు ఒక్కో లంగరు వెనకా అలాంటివి పది పన్నెండు ఉంటాయి. విండ్‌లాస్ అనే యంత్రం ఆ చైనును పైకి లాగుతుంది. డెక్కు కళాసీల పెద్ద అయిన బోసన్ పైపు పట్టుకుని ఒక్కో లింకునూ కడుగుతూ ఉంటాడు, ఎందుకంటే విశాఖ బురద చైను దాచే లాకర్లోకి పోతే అక్కడే గట్టిపడుతుంది. కడిగినప్పుడే బీట వారిన లింకు కూడా కంటపడుతుంది. లంగరు నీళ్లలోంచి బయటికి వచ్చాక దాని కాడ ముక్కు పక్కనుండే హాస్‌పైప్ అనే గొట్టంలోకి దూరుతుంది, రెండు రెక్కలూ ఓడ పక్కరేకుకు ఆనుకుంటాయి. ఈ ఆనుకోవడంలోనే పని సగం ఉంది. రెక్కకూ రేకుకూ మధ్య వేలు పట్టేంత సందు మిగిలినా, ముక్కు అలలో మునిగి లేచిన ప్రతిసారీ పది టన్నుల ఇనుము రేకును సుత్తిలా కొడుతుంది. ముందు గదుల్లో పడుకున్న కళాసీలకు రాత్రంతా ఆ చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడును నిర్లక్ష్యం చేయకూడదు.

లంగరు సర్దుకున్నాక విండ్‌లాస్ బ్రేకు బిగిస్తారు. చైను మీద అడ్డంగా చైన్ స్టాపర్ కడ్డీ దించి పిన్ను పెడతారు. ఆ తర్వాత లాషింగ్: ఉక్కు తీగను చైను లింకులోంచి దూర్చి, డెక్కు మీది కొక్కేలకు కట్టి, టర్న్‌బకిల్‌తో తిప్పి తిప్పి బిగిస్తారు. చైను లాకర్లోకి దిగే గొట్టం మూతి కూడా మూసేయాలి, లేకపోతే డెక్కు మీద పడే ప్రతి అలా లోపలికి పోతుంది. బ్రేకు, స్టాపర్, లాషింగ్ అనే ఈ మూడు పట్లలో దేనిమీద ఎంత ఆధారపడవచ్చో ఓడలను తనిఖీ చేసి ధ్రువీకరించే క్లాస్ సంస్థల నిబంధనలే చెబుతాయి. చైన్ స్టాపర్ ఉన్న ఓడలో బ్రేకు చైను తెగే బలంలో 45 శాతం తట్టుకుంటే చాలు. స్టాపర్ లేకపోతే 80 శాతం తట్టుకోవాలి. అంటే స్టాపర్ ఉన్న ఓడలో బ్రేకును ఒంటరిగా నమ్మమని నిబంధనలు ఎక్కడా చెప్పలేదు. అసలు ఈ లంగరు సామగ్రినంతా రేవు దగ్గరా, గాలి మాటున్న చోటా ఓడను కొంతసేపు ఆపడానికే లెక్కవేస్తారు, నడిసముద్రపు తుపానుకు కాదు. బ్రేకు పట్టీ అరుగుతుంది, దాని మీద తుప్పూ నూనే చేరతాయి. అల దెబ్బకు చైను ముందు అంగుళం జారుతుంది. బయట వేలాడే బరువు పెరిగేకొద్దీ జారుడు కూడా పెరుగుతుంది. ఒక హద్దు దాటాక బ్రేకు పొగ కక్కడం తప్ప చేయగలిగేది ఏమీ ఉండదు. చైను చివర లాకర్లో ఎక్కడ కట్టి ఉందో అక్కడిదాకా పరుగెడుతుంది.

ఇంత తెలిసీ ఎందుకు తప్పుతుంది? ఈ సమస్యంతా రెండు అవసరాల మధ్య ఇరుక్కుని ఉంది. విశాఖ రేవులోంచి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా బయటికి వచ్చే ఓడకు లంగరు ఏ క్షణానైనా వేయడానికి సిద్ధంగా ఉండాలి. ఇంజను ఆగిపోతే, చుక్కాని పట్టేస్తే, ఇరుకు కాల్వలో ఓడను ఆపగలిగేది అదొక్కటే. అందుకే అక్కడ లాషింగ్ విప్పి ఉంచుతారు. పైలట్ దిగిపోయి, బయటి లోతు అందాక లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఇక లంగరు కదలకుండా ఉండాలి. ఈ రెండు దశల మధ్య ఒక గంటో అరగంటో ఉంటుంది. రాత్రంతా సరుకు ఎక్కించి, తాళ్లు విప్పి, నిద్ర లేక ఉన్న మనుషులు ముక్కు దగ్గరికి వెళ్లి టర్న్‌బకిల్ తిప్పాల్సింది సరిగ్గా అప్పుడే. స్టాపర్ ఉంది కదా, పొద్దున చూద్దాం అనుకోవడం చాలా తేలిక. తీగ కూడా మొదటి కొన్ని గంటల్లో సాగుతుంది, దాన్ని మళ్లీ బిగించాలి. లంగరు ప్రమాదాల మూలం యంత్రాల్లో కన్నా ఈ అరగంటలోనే ఎక్కువగా ఉందన్నది నా అభిప్రాయం. యంత్రానికి సర్వే ఉంది, తేదీ ఉంది, సర్టిఫికెట్ ఉంది. ఆ అరగంటకు బోసన్ ఒళ్లు వంచడం, చీఫ్ ఆఫీసరు వెళ్లి కళ్లారా చూడడం తప్ప వేరే పూచీ లేదు.

తెరచాపల కాలం వాళ్లు ఈ రెండు దశలనూ ఇంతకన్నా తేటగా విడదీశారు. నేల కనుమరుగై, లోతు కొలిచే తాడు అడుగు తాకని చోటికి వెళ్లాక లంగరు నుంచి మోకునే ఊడదీసేవారు. లంగరును ఓడ పక్కన ఎత్తి కట్టేసేవారు, మోకును కింద చుట్టి ఉంచేవారు. మళ్లీ తీరం దగ్గరపడుతోందని అనిపిస్తే మోకు తగిలించేవారు. సగం కట్టిన స్థితి అంటూ ఉండేది కాదు. 19వ శతాబ్దంలో అడ్డుదుంగ లేని లంగరు వచ్చి నేరుగా హాస్‌పైప్‌లోకి దూరడం మొదలయ్యాక పని ఎంతో తేలికైంది, ప్రాణాలకు ముప్పూ తగ్గింది. దాంతోపాటే కట్టినట్టు కనిపించి కట్టని స్థితి ఒకటి పుట్టుకొచ్చింది.

విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి వెళ్లే మరబోట్ల దగ్గరికి వస్తే విండ్‌లాస్ బ్రేకు లెక్కలు పక్కన పెట్టాల్సిందే. రోజుల తరబడి సముద్రంలో ఉండే బోటు అది. వేట సాగినన్నాళ్లూ లంగరు వేస్తూ, తీస్తూ ఉంటారు. మళ్లీ రాత్రికి కావాలి కదా అని కొందరు దాన్ని ముక్కు దగ్గర రోలరు మీదే వేలాడనిస్తారు. కొందరు డెక్కు మీదికి లాగి గూటానికి కడతారు. డెక్కు మీదికి తెచ్చుకోవడమే మేలని నేను గట్టిగా అనుకుంటున్నాను, కానీ ఎలా కట్టారన్నది అంతకన్నా ముఖ్యం. ఒకే చోట కట్టిన లంగరు ఆ కట్టునే ఇరుసు చేసుకుని తిరుగుతుంది. బోటు ఊగిన ప్రతిసారీ తాడును డెక్కు అంచుకు వేసి రాస్తుంది. కాడ దగ్గర ఒకటి, తల దగ్గర ఒకటి, రెండు కట్లు పడితే అది కదలదు. తాడు కూడా చూడాలి. నైలాను మోకు లంగరు వేయడానికి మంచిది, సాగి దెబ్బను మింగుతుంది. కట్టు కట్టడానికి మాత్రం ఆ సాగడమే చెరుపు. తడిసిన నైలాను కట్టు రాత్రి బిగువుగా ఉన్నా తెల్లారేసరికి వదులుగా ఉంటుంది. చవకగా దొరికే పాలీప్రొపిలిన్ తాడు ఎండకు పెళుసెక్కి, ఒకరోజు ఉన్నట్టుండి తెగుతుంది. సాగని పాలిస్టరు తాడు కొంచెం ఖరీదైనా ఈ పనికి అదే తగింది.

ఫైబర్ తెప్పలది వేరే కథ. నలుగురైదుగురు మనుషులు, ఇనుప కడ్డీలు వంచి చేసిన నాలుగు కొండీల లంగరు, దాని పక్కనే వల. అన్నీ ఒకే చోట. ఒడ్డు నుంచి బయల్దేరి విరిగే కెరటాలను దాటేటప్పుడు తెప్ప ముక్కు నిట్టనిలువుగా లేచి ధడాలున పడుతుంది. కట్టని లంగరు ఆ క్షణంలో మూడు రకాలుగా హాని చేయగలదు. ఎగిరి మనిషి కాలి మీద పడవచ్చు. కొండీ వల కన్నుల్లో చిక్కి, వేటంతా వలను విప్పుకోవడంతోనే సరిపోవచ్చు. అన్నిటికన్నా ప్రమాదం, అది నీళ్లలోకి దూకి తన వెనక తాడును లాక్కుపోవడం. ఇంజను ముందుకు తోస్తుంటే తాడు కిందుగా వెనక్కి పోయి ఫ్యానుకు చుట్టుకుంటుంది. కెరటాల మధ్య ఇంజను ఆగిన తెప్ప అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిన తెప్ప బోల్తా పడుతుంది.

అయితే అదే కెరటాల దగ్గర ఇంజను దానంతటదే ఆగిపోయిందనుకోండి, తెప్పను ఒడ్డుకు కొట్టుకుపోకుండా ఆపేది మళ్లీ ఆ లంగరే. పెద్ద ఓడకు అరగంట ఎడంతో వచ్చే రెండు అవసరాలు తెప్పకు ఒకే నిమిషంలో వస్తాయి. కాబట్టి ఇక్కడ టర్న్‌బకిల్ బిగింపు పనికిరాదు. అలకు ఊడని, చేతికి ఒక్క లాగుతో విడిపోయే జారుముడి కావాలి. తడి చేతులతో ముడి రాకపోతే కోసేయడానికి చాకు అందుబాటులో ఉండాలి. తాడు రెండో కొస బోటుకు కట్టి ఉండాలి. కంగారులో లంగరు విసిరాక తాడు మొత్తం దాని వెంటే పోవడం సముద్రం మీద కొత్త సంగతేమీ కాదు. పది నిమిషాల పని, వంద రూపాయల తాడు. దీన్ని ఎవరూ రాసి ఇవ్వలేదు. అన్న పక్కన నిలబడి తమ్ముడు నేర్చుకున్న విద్య ఇది. నేర్పిన అన్న కడితే తమ్ముడూ కడతాడు.

గోదావరి లాంచీల సంగతి క్లుప్తంగా చెబుతాను. పాపికొండల ఇరుకులో వరద వేగానికి లంగరు పట్టు చిక్కడం కష్టం, లోతుకు తాడు చాలకపోవచ్చు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠ బోటు ప్రమాదానికి లంగరు కారణం కాదు. కానీ ఆ తర్వాత జరిగింది ఈ చర్చకు చాలా దగ్గర. నదీగర్భంలో ఉన్న బోటును పైకి తీయడానికి కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం ఇనుప రోపుకు లంగరు కట్టి నీళ్లలోకి వదిలి, అడుగున ఈడ్చింది. బురదనీళ్లలో కంటికి కనపడని బోటును అలా కొక్కేనికి తగిలించడానికి రోజుల తరబడి ప్రయత్నించారు. రోపులు తెగాయి, పట్టు జారింది, మళ్లీ వేశారు. చివరికి అక్టోబర్ 22న బోటు బయటపడింది. అడుగున ఈడ్చే లంగరుకు ఏది తగిలితే దాన్ని పట్టుకునే గుణముంది. ఆ గుణాన్ని సత్యం బృందం పట్టుదలతో, తెలివితో మేలుకు వాడింది. కట్టు తప్పిన లంగరు కూడా సముద్రం అడుగున చేసేది అదే, కాకపోతే తనకు తగిలినదేమిటో పైన ఎవరికీ తెలియదు.

మరి మన సముద్రం అడుగున ఏమున్నాయి? గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరే కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ డి6 గ్యాస్ పైపులు 2009 నుంచి పనిచేస్తున్నాయి. రవ్వ క్షేత్రం పైపులు అంతకన్నా పాతవి. ఓఎన్‌జీసీ కేజీ లోతునీళ్ల క్షేత్రం నుంచి 2024 జనవరిలో చమురు మొదలైంది. ఇంటర్నెట్ కేబుళ్ల మాటకొస్తే మన దేశానికి వచ్చేవి ఇప్పటిదాకా ముంబై, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురంలోనే ఒడ్డెక్కాయి. వాటిని కాపాడే బాధ్యత ఇన్నాళ్లూ ఆంధ్ర తీరానికి లేదు. 2025 అక్టోబర్ 14న ఢిల్లీలో గూగుల్ ప్రకటించిన విశాఖ ఏఐ హబ్‌లో అంతర్జాతీయ సముద్రగర్భ కేబుళ్ల ద్వారం కూడా ఒక భాగం. అంటే ఆ బాధ్యత ఇక మనకూ రాబోతోంది. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 దాకా కేబుళ్లు దెబ్బతింటాయని కేబుల్ రక్షణ సంఘాల లెక్క. వాటిలో ఎక్కువ భాగం చేపల వేట వల్లా, లంగర్ల వల్లా పొరపాటున జరిగేవే. 2024 ఫిబ్రవరిలో ఎర్రసముద్రంలో క్షిపణి తగిలిన రూబీమార్ ఓడను సిబ్బంది లంగరు వేసి విడిచిపెట్టారు. అది లంగరు ఈడ్చుకుంటూ కొట్టుకుపోయి మూడు కేబుళ్లను తెంపిందని భావిస్తున్నారు. ఆసియా, యూరప్‌ల మధ్య ఇంటర్నెట్ దారులు మారాల్సి వచ్చింది.

మన తీరంలో గమనించాల్సిన విషయం ఒకటుంది. గోదావరి, కృష్ణా ముఖాల దగ్గర ఖండపు అంచు సన్నగా ఉండి త్వరగా లోతులోకి దిగిపోతుంది. బాల్టిక్‌లా ఎటు చూసినా తక్కువ లోతు కాదు. కాబట్టి జారిన లంగరు నేలను అందుకునేది ఒడ్డుకు దగ్గరలోనే. పైపులూ కేబుళ్లూ ఒడ్డెక్కేది అక్కడే, బోట్లు తిరిగేదీ అక్కడే, రేవుకొచ్చే ఓడలు లంగరు లాషింగ్ విప్పుకునేదీ అక్కడే. బాల్టిక్‌లో ఉన్నన్ని కేబుళ్లు మన దగ్గర లేవు కదా అని నింపాదిగా ఉండడం తగదు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. ఓడలకు క్లాస్ నియమాలున్నాయి. నదుల మీద తిరిగే వాటికి 2021 నాటి ఇన్లాండ్ వెసెల్స్ చట్టం ఉంది. వేటబోట్లకు రిజిస్ట్రేషనూ, మత్స్యశాఖ లైసెన్సూ ఉన్నాయి. సర్వే చేసే అధికారి లంగరు ఉందా, బరువు సరిపోయిందా, తాడు ఎంత పొడవు అని చూస్తాడు. రేవులో ఆగి ఉన్న బోటును చూస్తాడు కాబట్టి, నడిచే బోటులో ఆ లంగరు ఎక్కడ ఉంటుంది, దేనికి కడతారు అన్న ప్రశ్న ఆయనకు తట్టే అవకాశం తక్కువ. విశాఖలో మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ శాఖ ఉంది, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. ఈ పని నేర్పగల చదువూ, మనుషులూ ఆ ఊళ్లోనే ఉన్నారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మరబోట్లన్నీ మరమ్మతుకు ఎక్కేది ఆ రెండు నెలల్లోనే. ముక్కు రోలరుకు ఒక అడ్డుపిన్ను, డెక్కు మీద లంగరు పడుకునేందుకు రెండు చెక్కలు, రెండు కొక్కేలు వెల్డింగు చేయించడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. మత్స్యశాఖ లైసెన్సు కాగితంలో ఒక్క గడి పెంచి ‘నడకలో లంగరు కట్టు’ అని చేర్చినా చాలు. ఇదేమీ పెద్ద ఖర్చు అడుగుతున్న కోరిక కాదు.

ఇందులో మత్స్యకారులకు హక్కు కూడా ఒకటుంది, అది వాళ్లకు చేరలేదన్నదే నా బాధ. సముద్రగర్భ కేబుళ్ల మీద 1884 నాటి పారిస్ ఒప్పందం నుంచీ ఒక సూత్రం నడుస్తోంది. 1995లో భారత్ ఆమోదించిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 115వ అధికరణం కూడా దాన్నే చెబుతోంది: కేబుల్‌నో పైపునో దెబ్బతీయకుండా ఉండడానికి తన లంగరునో వలనో వదులుకున్నానని నిరూపించగలిగిన ఓడ యజమానికి ఆ కేబుల్ యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. వలో లంగరో అడుగున దేనికో తగులుకుంటే ఇంజను పెంచి లాగడం మనవాళ్ల అలవాటు, ఎందుకంటే పోయేది వాళ్ల సొమ్ము. లాగకుండా కోసేస్తే డబ్బు తిరిగి వస్తుందని తెలిస్తే ఆ అలవాటు మారే అవకాశం ఉంది. కాకపోతే అధికరణంలో ఒక షరతుంది: యజమాని ముందుగా తగిన జాగ్రత్తలన్నీ తీసుకుని ఉండాలి. దారిలో కట్టు తెగి జారిపోయిన లంగరును చూపించి పరిహారం అడిగితే ఆ షరతు దగ్గరే వాదన వీగిపోవచ్చు. పాత ఒప్పందం ఇంకో మాట చెప్పింది. సిబ్బంది సాక్ష్యంతో వీలైతే వెంటనే వాంగ్మూలం రాసుకోవాలి, రేవు చేరిన 24 గంటల్లో అధికారులకు తెలియజేయాలి. కాబట్టి తాడు కోసేముందు దానికి తేలుడుబుంగ కట్టాలి, జీపీఎస్‌లో చోటు గుర్తు పెట్టుకోవాలి, అత్యవసరమైతే కోస్ట్‌గార్డు 1554కు ఫోన్ చేయాలి. ఒడ్డుకు వచ్చాక సరంగూ కళాసీలూ కూర్చుని రాసే కాగితంలో లంగరు ఎక్కడ పోయిందన్నదాంతో పాటు, బయల్దేరినప్పుడు దాన్ని దేనికి, ఎన్ని కట్లతో కట్టారో కూడా రాయాలి. నలుగురూ సంతకం చేయాలి.